చిన్నమ్మ పెట్టిన మందు

నాకు నువ్వులు పడవు. పెళ్లి భోజనాల్లో వడ్డించే పిల్లల్ని ఆపి, పొడిలో నువ్వులు కలిపారా, తిరగమోత ఏ నూనెతో పెట్టారు అని అడుగుతాను. లేవమ్మా అంటారు. నేను నమ్మను. వంటాయన్ను పిలిపించమంటాను. ఆయన కూడా లేవంటే ఆయన మొహంలోకి చూస్తాను. అబద్ధం చెప్పేవాడి మొహం చూసి నాకు భయం లేదు, సరిగ్గా గుర్తులేకపోయినా లేవని చెప్పేవాడి మొహం చూస్తేనే భయం. పక్కన కూచున్న మా కోడలు సిగ్గుతో తల దించుకుంటుంది. ఈమెకు అనుమానం జబ్బు అని నా వెనక అనుకుంటారు. అనుకోనీ. నేను ఇంతకాలం బతికింది ఆ జబ్బు పుణ్యాన్నే.

ఇప్పుడైతే అలర్జీ అంటే అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, నేను పుంగనూరులో చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మా వీధిలో ఆ మాట విన్నవాళ్లు లేరు. అన్నం తిన్న మనిషికి మూతి వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక గుడ్లు తేలేస్తే మావాళ్లకు తెలిసిన మాట ఒకటే. మందు. జబ్బు తగ్గించే మందు కాదు, గిట్టనివాళ్లు తిండిలో కలిపి పెట్టే మందు. మొగుణ్ణి కొంగున కట్టుకోవడానికి పెళ్లాం పెడుతుందనేవాళ్లు, పొలం కోసం దాయాదులు పెడతారనేవాళ్లు, సవతి బిడ్డను వదిలించుకోవడానికి సవతి తల్లి పెడుతుందనేవాళ్లు. అది కడుపులో అతుక్కుని కూచుని మనిషిని లోపల్నుంచి తినేస్తుందట. మా ఇంట్లో సవతి తల్లి ఉండేది. ఇంక మావాళ్లకు వేరే సాక్ష్యం ఎందుకు?

మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. మా అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. ఇల్లు నడిపింది మా అవ్వ, అంటే నాయనకు తల్లి. అవ్వ పెళ్లయి బిడ్డలు పుట్టిన తర్వాత బాప్తిస్మం తీసుకున్న మనిషి. కాబట్టి పాత దేవుళ్లను వదిలేసే పని ఆమె సగం సగంగా చేయలేదు. తాయెత్తు తెంచేసింది, బొట్టు చెరిపేసింది, వాటితోపాటు వంటింట్లోంచి నువ్వుల్ని కూడా గెంటేసింది. చచ్చినవాళ్లకు నువ్వులూ నీళ్లూ వదులుతారు గదా, శనివారం నువ్వుల నూనెతో దీపం పెడతారు గదా, అలాంటి గింజ మారుమనసు పొందిన ఇంట్లో ఎందుకు అని ఆమె వాదన. అయ్యగారు, అంటే మా గుడి పాస్టరు, తినేదానికీ భక్తికీ సంబంధం లేదమ్మా అని చెప్పినా ఆమె వినలేదు. మా ఇంట్లో అంతా చెనిక్కాయ నూనె, అంటే వేరుశనగ నూనే. అందుకని ఎనిమిదో తొమ్మిదో ఏడు వచ్చేదాకా నా నోట్లో ఒక్క నువ్వుగింజ పడలేదు. విచిత్రం ఏమిటంటే, తాయెత్తును తెంచేసిన అవ్వ మందు భయాన్ని మాత్రం తెంచుకోలేదు.

నాయన రెండో పెళ్లి కుప్పంలో జరిగింది. చిన్నమ్మ తండ్రి అక్కడ రైలు కట్ట మీద పనిచేసేవాడు. వాళ్లూ మాలాగే గుడికి పోయేవాళ్లే గానీ వాళ్ల వంటింట్లో ఏ గింజ మీదా నిషేధం లేదు. ఆమె మాట సగం తెలుగు, కొంత కన్నడం, కొంత అరవం. ఊరికే అనడానికి సుమ్నే అనేది. మొదట్లో నేను ఆమెను నమ్మలేదు. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందా అని ఆలోచించేదాన్ని. తల దువ్వడానికి పిలిస్తే, జుట్టు పట్టుకుని లాగుతుందేమోనని రెండు చేతులూ తల మీద పెట్టుకుని వెళ్లేదాన్ని. సవతి తల్లి అంటే ఎలా ఉండాలో వీధిలోవాళ్లు నాకు ముందే నూరిపోసి ఉన్నారు.

నన్ను లొంగదీసింది ఆమె వంట. అవ్వ చేతిలో ఉప్పు కూడా భయపడుతూ పడేది. చప్పిడి పప్పు, నీళ్ల చారు, దాని మీద పెద్ద ప్రార్థన. చిన్నమ్మ వచ్చిన తర్వాత అదే పప్పుకు ప్రాణం వచ్చింది. యుద్ధంతో బియ్యం కరువై, పూటపూటా రాగిసంగటే గతి అయిన రోజులవి. ఆ సంగటి నేను అడిగి మరీ పెట్టించుకునేదాన్ని. స్త్రీల కూడిక ఉన్న సాయంత్రాల్లో అవ్వ గుడికి పోయేది. అప్పుడు చిన్నమ్మ రాగిపిండి డబ్బా అడుగున దాచుకున్న చిన్న మూట తీసేది. వేయించిన నువ్వులు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి దంచిన పొడి అది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. వేడి సంగటి ముద్దకు నడుమ గుంట చేసి, ఇంత పొడి, ఇంత నెయ్యి వేసి నా ముందు పెట్టేది.

"మీ అవ్వకు సెప్పొద్దు పాపా," అనేది. "ఇది లేకుంటే నాకు ముద్ద దిగదు. నువ్వు గూడా రోంత తిను. సుమ్నే అట్ల సూస్తా కూసోవద్దు."

అమ్మ లేని పిల్లకు రహస్యం పంచుకునే మనిషి దొరకడం అంటే ఏమిటో నేను మాటల్లో చెప్పలేను. ఆ పొడి రుచి కంటే, అవ్వకు తెలియకుండా మేమిద్దరం తింటున్నాం అనే సంగతే నాకు ఎక్కువ రుచిగా ఉండేది. అప్పట్నుంచి ఆమె నాకు చిన్నమ్మ కాదు, అమ్మే.

మొదట్లో పెదాలు దురద పెట్టేవి. మిరపకాయ ఘాటు అనుకున్నాం. తర్వాత ఒక సాయంత్రం మూతి వాచింది. ఆ తర్వాత చేతుల మీదా మెడ మీదా పెద్ద పెద్ద దద్దుర్లు లేచాయి, కడుపు తిప్పి తిన్నదంతా వాంతయింది. చిన్నమ్మ భయపడి తులసాకు రసం తాగించింది, ఒళ్లంతా బూడిద రాసింది. నువ్వుల మీద ఆమెకు గానీ నాకు గానీ అనుమానమే రాలేదు. ఊరంతా తినే గింజ ఒక పిల్లను మాత్రమే ఎందుకు పట్టుకుంటుంది? ఆమె తిన్నది, ఆమెకు ఏమీ కాలేదు. గాలి సోకిందేమో, పురుగు పాకిందేమో అనుకున్నాం.

అవ్వ మాత్రం లెక్క సరిగ్గానే కట్టింది. ఆమె ఇంట్లో కూచుని ఉన్నప్పుడు పిల్లకు ఏమీ కాదు. ఆమె కూడికకు పోయి వస్తే పిల్ల మూతి వాచి ఉంటుంది. దీనర్థం ఏమిటి? తర్వాత ఆమె ఒక పీట తెచ్చి వంటింటి గడప దగ్గర వేసుకుని కూచోవడం మొదలుపెట్టింది. కళ్లలో వత్తులు వేసుకుని చిన్నమ్మ చేతుల్నే చూసేది. ఆ రోజుల్లో పొడి బయటికి రాలేదు, నాకు దద్దుర్లూ రాలేదు. అవ్వ అనుమానం ముదిరింది. తర్వాత కావాలనే కూడికకు పోయింది. తిరిగొచ్చేసరికి నా కన్ను ఒకటి మూసుకుపోయి ఉంది.

"ఏమ్మే, నా కాలు గడప దాటితే సాలు, నీ చెయ్యి పనిజేస్తాదా?" అని చిన్నమ్మను నిలదీసింది. "ఏం పెడతాండావు పిల్లకు?"

చిన్నమ్మ మొహం పాలిపోయింది. నువ్వుల పొడి సంగతి బయటపడిందేమో అనుకున్నది పాపం. ఆ తడబాటు చూసి అవ్వకు ఉన్న కాస్త సందేహం కూడా తీరిపోయింది. అందులో అవ్వను పూర్తిగా తప్పు పట్టలేను. చిన్నమ్మ నిజంగానే ఒకటి దాస్తూ ఉండింది, నిజంగానే అవ్వకు తెలియకుండా నా తిండిలో ఒకటి వేస్తూ ఉండింది. అవ్వ అనుమానించినదాంట్లో ముప్పాతిక నిజమే.

ఆ తర్వాత నాకు వడ్డించిన ప్రతి ముద్దలోంచీ చిన్నమ్మ ముందు కొంచెం తిని చూపించాలని అవ్వ నియమం పెట్టింది. చిన్నమ్మ మాట్లాడకుండా తినేది. ఆమెకు ఏమీ కాకపోతే అది ఆమె మంచితనానికి రుజువు కావాలి గదా. కాలేదు.

"విరుగుడు ముందే మింగింటాది," అన్నది అవ్వ మా నాయనతో, చిన్నమ్మ వింటూ ఉండగానే. "లేకుంటే అంత ధైర్యంగా యాల తింటాదిరా?"

తినకపోతే భయపడింది అనేది, తింటే విరుగుడు మింగింది అనేది. ఆ మనసులోకి చిన్నమ్మ ఎటువైపు నుంచి పోవాలన్నా దారి లేదు. నాయన బడిలో పిల్లలకు శరీరశాస్త్రం పాఠం చెప్పేవాడు, గుండె ఎలా కొట్టుకుంటుందో పలక మీద బొమ్మ గీసి చూపించేవాడు. ఇంట్లో మాత్రం ఆయన నోరు లేచేది కాదు. నాకు ఇప్పటికీ ఆ విషయంలో నాయన మీద కోపమే.

మందు తిన్నవాళ్ల చేత దాన్ని కక్కించేవాళ్లు ఆ రోజుల్లో అక్కడక్కడా ఉండేవాళ్లు. పుంగనూరు అవతల ఒక పల్లెలో అట్లాంటి మనిషి ఉన్నాడని ఎవరో చెబితే, అవ్వ నన్ను ఎద్దులబండిలో తీసుకుని పోయింది. అయ్యగారికి తెలిస్తే గుడిలో రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే బల్ల దగ్గరికి రానివ్వరని ఆమెకు భయం, అందుకని చుట్టాల ఊరికి పోతున్నామని వీధిలో చెప్పింది. దారి పొడుగునా, దేవా క్షమించు, దేవా క్షమించు అంటూనే ఉంది. క్షమించమంటూనే బండిని తొందరగా తోలమనేది.

ఆ మనిషి నా నాడి చూశాడు, నాలుక చూశాడు. ఏదో ఆకుపసరు ఆవుపాలల్లో కలిపి తాగమన్నాడు. అంత చేదు నేను మళ్లీ ఎప్పుడూ తాగలేదు. పేగులు బయటికి వస్తాయేమో అన్నంతగా కక్కాను. అతను వంగి ఆ కక్కినదాంట్లో వేలు పెట్టి కెలికి, నల్లగా, వెంట్రుకలు చుట్టుకున్న ఉండ ఒకటి పైకి తీసి అవ్వకు చూపించాడు.

"ఇదో సూడమ్మా. ఇంట్లో మనిషే పెట్టింది. ఆడమనిషి."

అవ్వ గుండెలు బాదుకుంది. నేను మాత్రం అతని ఎడమ చేతినే చూస్తూ ఉన్నాను. మేము వచ్చినప్పటి నుంచి ఆ పిడికిలి తెరుచుకోలేదు. ఉండ బయటికి వచ్చిన తర్వాతే ఆ చేత్తో మీసం దువ్వుకున్నాడు. అవ్వతో ఆ మాట చెప్పాను. "నోరు ముయ్యి," అన్నది అవ్వ. అందర్నీ అనుమానించే మా అవ్వ, అనుమానించాల్సిన ఒకే ఒక్క మనిషిని నోరు తెరుచుకుని నమ్మింది.

ఆ వారంలోనే చిన్నమ్మను కుప్పం పంపించేశారు. కొన్నాళ్లు పుట్టింట్లో ఉండి రమ్మన్నట్టు నాయన మాట్లాడాడు గానీ ట్రంకుపెట్టె కూడా బండి ఎక్కిందంటే అర్థం అందరికీ తెలిసిందే. ఆమె పోయేటప్పుడు నా దగ్గరికి రానివ్వలేదు. వాకిట్లో నిలబడి, "ఒంటికి జాగర్త పాపా," అని మాత్రం అన్నది. నేను స్తంభాన్ని పట్టుకుని ఏడ్చాను. మందు ఇంకా దిగలేదు, అందుకే ఆమె కోసం ఏడుస్తాండాది అన్నారు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు.

ఆమె పోయిన తర్వాత నాకు దద్దుర్లు రాలేదు. వాపు రాలేదు. వీధంతా అవ్వకు జేజేలు కొట్టింది. నాకు మాత్రం తిండి సయించలేదు. అవ్వ చప్పిడి పప్పు ముందు కూచుని, ఈ ఇంటికి చిన్నమ్మ తిరిగి రావాలంటే నేను ఏం చేయాలి అని ఆలోచించేదాన్ని. పొడి సంగతి చెబితే ఆమెను ఇంకా దొంగను చేస్తారు. చెప్పకపోతే హంతకురాలిని చేస్తారు. నాకు దారి తోచలేదు.

తర్వాత కోతల పండుగ వచ్చింది. మా గుళ్లో ఆ పండుగకు ఎవరి పొలంలో పండింది వాళ్లు, పొలం లేనివాళ్లు ఇంట్లో వండింది, తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయిపోయిన తర్వాత వాటిని వేలం పాడతారు. గుమ్మడికాయలు, కోళ్లు, రాగులు, పిండివంటలు అన్నీ ఎవరు తెచ్చారో పేరు లేకుండా కలిసిపోతాయి. నేను చిక్కిపోతున్నానని బాధపడి అవ్వ వేలంలో ఒక పళ్లెం కజ్జికాయలు పాడింది. దేవుని ముందు పెట్టిన పదార్థం, దాంట్లో ఏ మనిషీ మందు కలపలేడని ఆమెకు ధీమా. గుడి వాకిట్లోనే ఒకటి నా చేతికిచ్చింది.

కజ్జికాయ పైకి ఒకటేలా ఉంటుంది, లోపల ఏం కూరారో కొరికిన తర్వాత గానీ తెలియదు. బెల్లం, కొబ్బరి తీపి తగిలింది. ఒకటి తిని రెండోది సగం తిన్నాను. గొంతు లోపల ఎవరో వేళ్లు పెట్టి నొక్కినట్టయింది. నాలుక నోట్లో పట్టనంత లావైంది. నాయన నన్ను భుజాన వేసుకుని పరిగెత్తాడు. అప్పుడు పెట్రోలు లేక బస్సులు బొగ్గు గ్యాసుతో నడిచేవి. మదనపల్లె బస్సు డ్రైవరు వెనకాల బొగ్గు పొయ్యికి గాలి కొట్టించి బండి లేపేసరికి నాయన అతని కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. మిట్ట ఎక్కేటప్పుడు ఆ బస్సు నాకంటే ఎక్కువ రొప్పింది. అవ్వ నా తల ఒళ్లో పెట్టుకుని, "ఆడనుంచే పంపించింది, కుప్పం నుంచే ఎవురి చేతో పంపించింది," అని ఒకటే గొణుగుడు.

మదనపల్లెలో మిషన్ ఆస్పత్రి డాక్టరమ్మ నన్ను చూడగానే చేతికి ఇంజక్షన్ పొడిచింది. గుండె దడదడా కొట్టుకుని, ఒళ్లంతా వణికి, నేను పోయాననే అనుకున్నాను. కాసేపటికి ఊపిరి లోపలికి పోవడం మొదలైంది. గాలి అంత తియ్యగా ఉంటుందని అప్పుడే తెలిసింది.

డాక్టరమ్మ అరవం మనిషి, తెలుగు పట్టి పట్టి మాట్లాడేది. పిల్ల ఏం తిన్నది అని అడిగింది. దేవుని గుడిలో పెట్టింది తిన్నది అన్నది అవ్వ. ఆ పదార్థం మిగిలి ఉందా అంటే లేదన్నది. ఇంతకు ముందు ఇట్లా వచ్చినప్పుడు ఎవరు వండారు అని అడిగేసరికి అవ్వ కట్ట తెగినట్టు చిన్నమ్మ చరిత్రంతా చెప్పేసింది, కక్కించిన సంగతి తప్ప. డాక్టరమ్మ అంతా వినింది. ఆ తర్వాత నాయన వైపు తిరిగింది.

"కొందరికి కొన్ని పదార్థాలు పడవు. విషం కాదు, అయినా విషం లాగే చేస్తుంది. అది ఏదో తెలియకపోతే ఇంకోసారి వస్తుంది. ఆ సారి ఇక్కడికి వచ్చే లోపలే బిడ్డ పోతుంది. ఆ వండిన ఆమెను పిలుచుకుని రండి. ఏమేమి వేసిందో ఆమెకే తెలుసు."

నన్ను కూడా అడిగింది. పప్పు, చారు, సంగటి అని చెప్పాను. పొడి మాట ఎత్తలేదు. అది చిన్నమ్మ నాకిచ్చిన రహస్యం. నా ప్రాణం దాంట్లో ఇరుక్కుని ఉందని నాకు తెలియదు.

నాయన కుప్పం పోయాడు. ఆ రోజుల్లో వార్డు వెనక వంటపాకలు ఉండేవి, రోగి తాలూకు మనుషులు అక్కడే వండి తెచ్చి పెట్టాలి. ఉప్పు వేసిన గంజి తప్ప ఏమీ ఇవ్వొద్దన్నారు. అవ్వ గంజి కాచి తెచ్చి, నర్సు కూడా దాన్ని ముట్టుకోకుండా కొంగు కప్పి కూచునేది. నర్సులో కూడా ఆమెకు కుప్పం పోలికలు కనిపించాయట.

చిన్నమ్మ వచ్చింది. చేతిలో మూట దింపకుండానే మంచం కాళ్ల దగ్గర నిలబడింది. చిక్కిపోయి ఉంది. నన్ను చూసి ముందుకు రాబోయి, అవ్వను చూసి ఆగిపోయింది.

"బిడ్డకు నువ్వు ఏమేమి పెట్టినావు?" అన్నది డాక్టరమ్మ. "దాచకుండా చెప్పు. దాచితే బిడ్డ దక్కదు."

చిన్నమ్మ అవ్వ వైపు చూసింది, నాయన వైపు చూసింది. ఆమె లేదంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ పొడి చూసినవాళ్లు మేమిద్దరమే. ఔనన్నదంటే, తిండిలో దొంగతనంగా కలిపినానని నలుగురి ముందూ తన నోటితోనే ఒప్పుకున్నట్టు. ఇంక ఆ ఇంటి గడప ఆమె తొక్కేది కల్ల. ఆమె తెలివితక్కువది కాదు, ఇదంతా ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"పొడి పెట్టినాను డాక్టరమ్మా," అన్నది. "నువ్వుల పొడి. అత్తకు తెలీకుండా పెట్టినాను. అత్త కూడికకు పొయ్యిన పొద్దులంతా పెట్టినాను. ఒక్క దినం గూడా తప్పలేదు."

"ఇన్నారా!" అవ్వ లేచి నిలబడింది. "ఆమె నోటితోనే సెప్పె! పెట్టినానని ఆమే ఒప్పుకునె!"

ఆ ఊపులో అవ్వ కొంగు ముడి విప్పింది. దాంట్లో మిగిలిన కజ్జికాయ ఒకటి ఉంది. డాక్టరమ్మకు లేదని చెప్పి, మందు కక్కించిన ఆ పల్లె మనిషికి చూపించాలని దాచుకున్నదట. "దీంట్లో గూడా ఈమె పెట్టించిందే ఉంటాది, సూడండి," అని మంచం పక్క బల్ల మీద విరిచింది. కొబ్బరి కోరు నడుమ తెల్లగా నువ్వులు రాలాయి.

డాక్టరమ్మ ఒక గింజను వేలితో ఎత్తి చూసింది. తర్వాత ఆ గింజలే నూరి, నా ముంజేతి మీద సూదితో సన్నగా గీరి దాని మీద రాసింది. అలాగే చిన్నమ్మ చేతి మీద రాసింది. అవ్వ చేతి మీద కూడా. ఎప్పుడో వదిలేసిన గింజ ఒంటికి తగులుతుంటే అవ్వ మొహం తిప్పుకుని ప్రార్థన చేసుకుంది. అందరం ఎదురుచూశాం. వాళ్లిద్దరి చేతులూ ఉన్నట్టే ఉన్నాయి. నా చేతి మీద గీరిన చోట దోమ కుట్టినట్టు లేచి, చూస్తుండగానే చుట్టూ ఎర్రబడి, రూపాయి బిళ్లంత వాచింది.

"ఇదే," అన్నది డాక్టరమ్మ. "మందు లేదు, మాకు లేదు. నువ్వులు. ఈ జన్మకు ఈ బిడ్డకు నువ్వులు వద్దు, ఆ నూనె వద్దు. అది వేయించిన బాణలి కూడా కడగకుండా వాడవద్దు."

ఆ కజ్జికాయలు ఎవరు చేశారో నాయన తర్వాత కనుక్కున్నాడు. అయ్యగారి భార్య. ఆమెను అనుమానించడానికి అవ్వకు కూడా నోరు రాలేదు. ఆ సంగతి తెలిసిన సాయంత్రం నాయనను పిలిచింది.

"నువ్వులు మంచివి గావని నేను మొదట్నుంచీ సెప్తాండ్లా? ఎవురన్నా ఇన్నారా నా మాట?"

అంతే. ఆమె ఓడిపోయింది అనుకున్న చోట ఆమె గెలిచింది. చిన్నమ్మతో ఒక్క మాట, అయ్యో పొరపాటు పడ్డానమ్మా అని ఒక్క మాట అనలేదు. నాకు అవ్వ అంటే ప్రేమే, ఆమె చేతుల్లో పెరిగాను. కానీ ఆ ఒక్క మాట అనకపోవడం నేను మరిచిపోలేదు.

చిన్నమ్మను మాత్రం ఇంటికి తీసుకొచ్చారు. నాయన అప్పుడు మొదటిసారి తన తల్లి ముందు గట్టిగా మాట్లాడాడు, పిల్లకు ఏం పడదో తెలిసిన మనిషే ఇంట్లో వండాలని. చిన్నమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే రాగిపిండి డబ్బా బోర్లించి, ఆ మూట తీసి, వీధిలోవాళ్లు చూస్తుండగా కాలవలో పారేసింది. రోలు తోమింది, రోకలి తోమింది, బాణలి ఇసుకతో రుద్దింది. ఆ తర్వాత పొయ్యి వెలిగించింది. అవ్వ అలవాటుగా గడప దగ్గర పీట వేసుకుంది. పప్పు ఉడికిన తర్వాత, చిన్నమ్మ వెనక్కి తిరగకుండానే ఉప్పు చేతిలోకి తీసుకుని, అందరికీ వినిపించేటట్టు అన్నది.

"ఉప్పేస్తాండాను."

తర్వాత, "పసుపేస్తాండాను." తర్వాత, "చెనిక్కాయ నూనె పోస్తాండాను. ఆవాలేస్తాండాను. కరేపాకేస్తాండాను."

అది అవ్వ మీద కోపంతో చేస్తోంది అనుకున్నాను, కొన్నాళ్లకు తగ్గుతుంది అనుకున్నాను. తగ్గలేదు. ప్రతి పూటా, ప్రతి దినుసూ, కుండలో పడకముందే దాని పేరు నోటితో చెప్పేది. గొంతులో కోపం కూడా ఉండేది కాదు. వీధిలోవాళ్లు మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆమె నా కంచంలో ఏం పెట్టినా నేను భయం లేకుండా తిన్నాను, ఒక్కసారి కూడా నా ఒంటి మీద దద్దురు లేవలేదు. కానీ తినేటప్పుడు పక్కన కూచుని కబుర్లు చెప్పే మనిషి తిరిగి రాలేదు. వడ్డించి, దూరంగా నిలబడి, నేను తినడం పూర్తయ్యేదాకా నా మొహమే చూసేది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు అవ్వ పోయింది. చివరి నెలల్లో ఆమెకు చెవుడు వచ్చి ఏమీ వినిపించేది కాదు, అయినా చిన్నమ్మ మానలేదు. చుట్టాలంతా వెళ్లిపోయిన రోజు పొద్దున, నాయన బడికి పోయాడు, ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. నేను వాకిట్లో చాటలో రాగులు చెరుగుతున్నాను. లోపల్నుంచి, "ఉప్పేస్తాండాను," అని వినిపించింది.

నేను చాట కింద పెట్టి గడప దగ్గరికి వెళ్లాను.

"ఇంకా యాల చిన్నమ్మా?" అన్నాను. "అవ్వ లేదు గదా. ఇంక ఎవురికి సెప్తాండావు?"

ఆమె గరిటె తిప్పుతూనే ఉంది.

"ఆమె ఎప్పుడో ఇనేది మానేసె పాపా," అన్నది. "నువ్వు ఇంటాండావు గదా."

లేదు అనబోయాను. కానీ ఆమె ఒక్కొక్క పేరు చెబుతుంటే నేను చేస్తున్న పని ఆపి వినడం నిజం. అన్ని ఏళ్లుగా, ప్రతి పూటా, చెరగడం ఆపి, చదవడం ఆపి విన్నాను. నువ్వుల కోసమే చిన్నమ్మా, నీ మీద అనుమానంతో కాదు అని చెప్పాను. ఆమె తల ఊపింది. నమ్మిందో లేదో ఆమె వీపు చూసి నాకు తెలియలేదు. తర్వాత ఆమె డబ్బా మూత తీసి, "పసుపేస్తాండాను," అన్నది.